ఇంట్లో పసుపు పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు పసుపు చేలల్లో తిరిగాను. ఇప్పుడు హైదరాబాద్‌లో, మేడమీద గ్రోబ్యాగుల్లో ఏడేళ్లుగా పసుపు వేస్తున్నాను. చుట్టాలు, ఇరుగుపొరుగు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. నీళ్లెన్ని పోయాలి, ఎరువెంత వేయాలి అనే అందరూ అడుగుతారు గానీ ఇంటి పసుపు చెడిపోయేది అక్కడ కాదు. మొదట్లో మొలవని కొమ్ము నాటడం వల్ల, చివర్లో ఉడకబెట్టకుండా వదిలేయడం వల్ల చెడుతుంది. అందుకే ఆ రెండు చోట్లా కాస్త ఎక్కువ రాశాను.

పసుపు ఎప్పుడు నాటాలి?

మృగశిర కార్తెలో. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశిస్తుంది. మా ఊళ్లో ఆ రోజు చేపలకూర తిని, ఆ వారంలోనే తొలకరి చూసుకుని పసుపు వేసేవాళ్లు. ఇంట్లో నీళ్లు మన చేతిలో ఉంటాయి కాబట్టి వాన కోసం ఎదురు చూడక్కర్లేదు. మే చివరి వారం నుంచి జూన్ నెలాఖరు దాకా ఎప్పుడైనా నాటుకోవచ్చు. రోహిణి ఎండలు మండుతున్నప్పుడు మేడమీద నాటితే మాత్రం బ్యాగు వేడెక్కిపోయి లోపలి కొమ్ము దెబ్బతింటుంది. నీడ పట్టున ఉంచి, మొలిచాక బయటికి తేవాలి. జులై దాటితే దుంప ఊరడానికి సమయం చాలదు. రకాన్ని బట్టి ఇది ఆరు నుంచి తొమ్మిది నెలల పంట. చలి రాకముందే ఆకు దిట్టంగా పెరిగి ఉంటేనే కింద దుంప లావెక్కుతుంది.

పూజ సామాను కొట్లో కొన్న పసుపు కొమ్ములు నాటితే మొలుస్తాయా?

మొలవవు. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. వరలక్ష్మీ వ్రతం తాంబూలంలో వచ్చిన కొమ్ముల్ని కుండీలో పెట్టి, రోజూ నీళ్లు పోసి, రెండు నెలలు ఎదురు చూసిన వాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. పసుపు అచ్చిరాలేదని, తమ చెయ్యి మంచిది కాదని బాధపడతారు కూడా. చేతిలో ఏ లోపమూ లేదు. మార్కెట్‌కి వచ్చే ఎండు కొమ్ముల్ని రైతు ముందుగా నీళ్లలోనో ఆవిరిలోనో ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెడతాడు. ఉడికిన బియ్యం ఎంత మొలుస్తాయో అదీ అంతే మొలుస్తుంది.

నాటడానికి కావలసింది పచ్చి దుంప. పసుపు మొక్కకు విత్తనాలు రావు. పువ్వు పూసినా గింజ కట్టదు. వేల ఏళ్లుగా మనిషి దుంపను విరిచి నాటుతూనే ఈ మొక్కను మనదాకా తెచ్చాడు. అందుకే విత్తన ప్యాకెట్లలో పసుపు గింజలని ఎవరైనా అమ్మితే కొనకండి.

పచ్చి దుంపలు ఎక్కడ దొరుకుతాయి?

సంక్రాంతి నుంచి మార్చి దాకా రైతుబజార్లలో, కూరగాయల అంగళ్లలో అల్లం పక్కనే పచ్చి పసుపు పెడతారు. అవే కొని దాచుకుంటే జూన్‌కి విత్తనమవుతాయి. మే నెలలో నర్సరీల్లో మొలక వచ్చిన దుంపలు కూడా అమ్ముతారు. నిజామాబాద్, జగిత్యాల, కడప, గుంటూరు జిల్లాల్లో మీకు తెలిసిన రైతు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. తవ్వకాలప్పుడు రెండు కిలోలు అడిగితే కాదనే రైతును నేనింతవరకు చూడలేదు.

కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడండి. గట్టిగా, బరువుగా ఉండాలి. మెత్తబడిన చోటు గానీ బూజు గానీ ఉంటే వద్దు. గోటితో కాస్త గీరితే లోపల ముదురు నారింజ రంగు కనబడాలి. కొమ్ముకు కనీసం రెండు కళ్లుండాలి. కన్నంటే కణుపు దగ్గర చిన్న మొటిమలా తేలిన మొగ్గ.

ఏ రకం వేసుకోవాలి?

ఇంటికి రకం పెద్ద విషయం కాదు, మీ చుట్టుపక్కల పండేదే వేసుకోండి. అయినా పేర్లు తెలిసి ఉంటే మంచిది. దుగ్గిరాల, మైదుకూరు, ఆర్మూర్ అనేవి ఊళ్ల పేర్లతోనే నిలిచిపోయిన మన రకాలు. కేరళ కోళికోడ్‌లోని భారత సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ నుంచి ప్రతిభ, ప్రభ, సుగుణ, సుదర్శన వచ్చాయి. అక్కడి నుంచే వచ్చిన ప్రగతి ఆరు నెలల్లో చేతికొస్తుంది. ఆలస్యంగా నాటేవాళ్లకు అది నప్పుతుంది. మా జిల్లాలో కమ్మర్‌పల్లి దగ్గర పసుపు పరిశోధన కేంద్రం ఉంది, అటువైపు వెళ్తే అక్కడ అడగవచ్చు. మేఘాలయ లకడాంగ్ పసుపులో కర్కుమిన్, అంటే పసుపుకు రంగునిచ్చే సారం, చాలా ఎక్కువ కాబట్టి దానికి బాగా పేరొచ్చింది. అయితే అది ఆ కొండల చల్లదనంలో, ఆ మట్టిలో పండే పంట. మన మేడల మీద అంతే గుణం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

కుండీ ఎంతది కావాలి? మట్టి ఎలా కలపాలి?

లోతు కంటే వెడల్పు ముఖ్యం. దుంప కిందికి కాక పక్కలకు పాకుతుంది. పదిహేను అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల లోతున్న గ్రోబ్యాగులో రెండు కొమ్ములు, మహా అయితే మూడు. ఇరవై లీటర్ల పాత పెయింట్ బకెట్టుకు అడుగున ఏడెనిమిది చిల్లులు పెట్టుకున్నా సరిపోతుంది.

మట్టి గుల్లగా ఉండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుకో కొబ్బరిపొట్టో. దాంట్లో బ్యాగుకు రెండు గుప్పిళ్లు వేపపిండి. నల్లరేగడి ఒక్కటే వేస్తే నీళ్లు నిలిచి దుంప కుళ్లుతుంది, తవ్వేటప్పుడు కొమ్ములు ముక్కలవుతాయి. బ్యాగును అంచుదాకా నింపకండి. పైన నాలుగు అంగుళాలు ఖాళీ వదిలితే తర్వాత మట్టి ఎగదోయడానికి పనికొస్తుంది.

నాటేదెలా?

నాటే రెండు వారాల ముందు దుంపల్ని తడి గోనెసంచిలో చుట్టి నీడన పెడితే మొగ్గలు కళ్లు తెరుస్తాయి. మొలక కనబడిన వాటినే నాటితే ఒక్క బ్యాగూ వృథా పోదు. పెద్ద దుంపను ముప్పై నలభై గ్రాముల ముక్కలుగా విరవవచ్చు. విరిచాక ఒక రోజు నీడలో ఆరనిచ్చి, కోసిన చోట బూడిద అద్దండి. ట్రైకోడెర్మా (తెగుళ్లను అడ్డుకునే మేలు శిలీంధ్రం) పొడి దొరికితే నీళ్లలో కలిపి అరగంట ముంచి తీస్తే దుంపకుళ్లు తెగులు చాలావరకు దగ్గరికి రాదు. కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున పెట్టి, మట్టి కప్పి, పైన ఎండుటాకులు పరచండి. చేలో పచ్చి ఆకు కప్పినట్టే ఇది కూడా. తేమ ఆగుతుంది, కలుపు రాదు, వానధారకు మట్టి గట్టిపడదు.

నెల దాటింది, మొలక రాలేదు. తవ్వి చూడనా?

వద్దు. మొలక పెట్టకుండా నాటిన కొమ్ముకు మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే, ఒక్కోసారి ఆరు వారాలు కూడా పడుతుంది. తవ్వి చూస్తే అప్పుడే విచ్చుకుంటున్న మొగ్గ విరిగిపోతుంది. ఈ నెలలో నీళ్లు ఎక్కువ పోయకుండా ఉండటమే మీరు చేయగలిగిన మేలు. ఆకు లేని దుంప తాగే నీళ్లు చాలా తక్కువ. మొదటి మొలక చుట్ట చుట్టిన ఆకుపచ్చ పుల్లలా, సన్నగా వస్తుంది. గడ్డి అనుకుని పీకేయవద్దని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎండ తక్కువ. పసుపు వస్తుందా?

వస్తుంది. నిమ్మకో టమాటాకో కావలసినంత ఎండ దీనికి అక్కర్లేదు. రోజుకు నాలుగైదు గంటలు నేరుగా ఎండ తగిలితే చాలు. మా వైపు పసుపులో మొక్కజొన్న వేసేది కొంత నీడ కోసమూ, కొంత చేతిఖర్చు కోసమూ. మేడమీద నేను బొప్పాయి కుండీకి తూర్పున పసుపు బ్యాగులు పెడతాను, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడ పడుతుంది. ఎండే తగలని చోట ఆకులు బాగా పెరుగుతాయి గానీ దుంప వేలు లావు కూడా కాదు.

నీళ్లు రోజూ పోయాలా?

వానాకాలంలో చాలా రోజులు పోయనే అక్కర్లేదు. మట్టిలోకి వేలు రెండు కణుపులు దించి చూడండి, తడి తగిలితే ఆ రోజుకు వదిలేయండి. సెప్టెంబరు తర్వాత వానలు వెనుకబడ్డాక రెండు మూడు రోజులకోసారి నిండుగా పోయాలి. దుంప ఊరేది అప్పుడే కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో నీటి ఎద్దడి రానివ్వకూడదు. ముసురు పట్టినప్పుడు బ్యాగు అడుగు చిల్లులు మూసుకుపోయాయేమో చూసుకోండి. బ్యాగుల్ని రెండు ఇటుకల మీద నిలబెడితే ఆ బెంగే ఉండదు.

ఎరువు సంగతి?

నాటిన నలభై, ఎనభై, నూట ఇరవై రోజులకు, మూడుసార్లు. ప్రతిసారీ బ్యాగుకు రెండు గుప్పిళ్లు వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి వేసి, ఖాళీ వదిలిన చోట కొత్త మట్టి ఎగదోయండి. ఈ ఎగదోయడం మరిచిపోతే దుంప మట్టిపైకి తేలి ఆకుపచ్చబడుతుంది. రెండో సారికి కాస్త కట్టెల బూడిద కలిపితే దుంపకు మంచిది. ఆకు ఏపుగా పెరగాలని యూరియా గుమ్మరించవద్దు.

ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. తెగులా?

నెలను బట్టి చెప్పాలి. డిసెంబరు, జనవరిలో కింది ఆకులతో మొదలై పచ్చబడి ఎండితే అది పంట పక్వానికి వచ్చిన గుర్తు, సంతోషించండి. ఆగస్టు, సెప్టెంబరులోనే ఆకు అంచుల నుంచి పచ్చబడి, మొవ్వును పట్టి లాగితే తేలిగ్గా ఊడొస్తే అది దుంపకుళ్లు. మొదలు దగ్గర కాండం మెత్తగా, నీరు కారుతూ, చెడు వాసన వేస్తుంది. ఆ మొక్కను దుంపతో సహా తీసేసి, ఆ మట్టిని మిగతా బ్యాగుల్లో కలపకుండా దూరంగా పారేయండి. ముందుగా నీరు నిలవకుండా చూసుకోవడానికి మించిన మందు లేదు. వచ్చాక కాపాడటం కష్టం.

ఆకు మీద గోధుమరంగు మచ్చలు లేచి, మధ్యలో బూడిదరంగుకు తిరిగి, ఆకు మాడినట్టయితే అది ఆకుమచ్చ తెగులు. మా వైపు తాటాకు తెగులంటారు. మచ్చ పడిన ఆకులు కోసి కాల్చేసి, బ్యాగుల మధ్య గాలి ఆడేలా సర్దండి. మొవ్వు మాత్రమే ఎండి, కాండానికి చిన్న రంధ్రం, దాని దగ్గర రంపపు పొట్టులాంటి విసర్జన కనిపిస్తే కాండం తొలిచే పురుగు ఉన్నట్టు. ఆ కాండాన్ని కింది దాకా కోసి పురుగును చంపాలి. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి సాయంత్రం పూట చల్లితే చిన్నచిన్న పురుగులు అదుపులో ఉంటాయి.

ముట్టయిన ఆడవాళ్లు పసుపు మొక్కను తాకితే కుళ్లిపోతుందంటారు. నిజమేనా?

కాదు. మా ఊళ్లోనూ ఈ మాట ఉంది, ఆ నాలుగు రోజులు మమ్మల్ని చేను గట్టు మీదే నిలబెట్టేవాళ్లు. వానాకాలంలో నీళ్లు నిలిచిన మడిలో దుంప కుళ్లితే ఆ నింద ఎవరో ఒక ఆడపిల్ల మీద పడేది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. దుంపను కుళ్లబెట్టేది నీరు నిలిచిన మట్టిలో పెరిగే ఒక శిలీంధ్రం. ఏడేళ్లుగా నా పసుపుకు నెలలో అన్ని రోజులూ నేనే నీళ్లు పోస్తున్నాను.

పసుపు పూసింది. పువ్వు తుంచేయాలా?

తుంచక్కర్లేదు. ఆగస్టు తర్వాత కొన్ని మొక్కలకు ఆకుల నడుమ నుంచి లేతాకుపచ్చ రేకులతో, కొసన తెలుపు గులాబీ రంగుల్లో కంకి లేస్తుంది. ఆ రేకుల జేబుల్లో చిన్న పసుపుపచ్చ పూలుంటాయి. అందరి మొక్కలూ పూయవు, పూయకపోతే లోపమూ కాదు. మా ఇంట్లో కోసి దేవుడి దగ్గర పెట్టుకుంటాం, వారం దాకా వాడదు.

కోతులు ఏమీ మిగల్చడం లేదు. పసుపునూ పీకేస్తాయా?

మా మేడమీద జామ, టమాటా, చివరికి గులాబీ మొగ్గలు కూడా మిగల్లేదు గానీ పసుపు జోలికి కోతులు రాలేదు. అప్పుడప్పుడు బ్యాగు మీద కూర్చుని ఆకులు విరిచాయి, అంతే. కోతుల బెడదతో మేడతోట మానేసినవాళ్లు పసుపుతో మళ్లీ మొదలుపెట్టండి.

ఎప్పుడు తవ్వాలి?

ఆకులన్నీ ఎండి నేలకు వాలాక. మన దగ్గర అది జనవరి చివర నుంచి మార్చి మొదటి వారం లోపు జరుగుతుంది. ఆకులు ముప్పాతిక వంతు ఎండాక నీళ్లు ఆపేసి, కాండాల్ని మొదలుకంటా కోసి, పదిహేను రోజులు వదిలేయండి. ఆ పదిహేను రోజుల్లో దుంప తోలు గట్టిపడుతుంది. తొందరపడి పచ్చిగా ఉన్నప్పుడే తవ్వితే ఎండాక ముడుచుకుపోయి పీచులా అవుతుంది.

గ్రోబ్యాగయితే పార అక్కర్లేదు. పాత పరదా పరిచి బ్యాగును బోర్లించండి. మట్టి ముద్దను రెండు చేతులా పట్టి మెల్లగా విదిలిస్తే మధ్యలో గుండ్రటి తల్లి దుంప, దాని చుట్టూ చేతివేళ్లలా కొమ్ములు, ఆ కొమ్ములకు మళ్లీ పిల్ల కొమ్ములు బయటపడతాయి. తల్లి దుంపను, కొమ్ముల్ని మా నిజామాబాద్ మార్కెట్‌లో గోళ, కాడి అంటారు, దుగ్గిరాల వైపు కాయ, కొమ్ము అంటారు. ఒక కొమ్ము విరిచి చూడండి. టప్పుమని విరిగి, లోపల అంచుకొక లేతరంగు వలయం, మధ్యలో గుడ్డు సొనలాంటి ముదురు రంగు. అల్లం, మామిడి, వానమట్టి కలిసిన వాసన గుప్పున కొడుతుంది. వేళ్లకంటిన రంగు మూడు రోజులు పోదు. వేర్ల చివర వేలాడే తెల్లటి నీటి బుడిపెలు పసుపు కాదు, వాటిని తీసేయండి.

ఎంత పసుపు వస్తుంది?

బాగా పెరిగిన మొక్కకు పావుకిలో నుంచి అరకిలో దాకా పచ్చి దుంప. పోయిన ఏడు నాకు పది బ్యాగుల్లో ఆరు కిలోలు వచ్చింది. ఎండితే ఐదో వంతు మిగులుతుంది, అంటే కిలో రెండొందల గ్రాముల పొడి. నలుగురున్న మా ఇంట్లో వంటకు, గడపకు, పండుగలకు ఏడాదంతా సరిపోయింది. బతుకమ్మకు గౌరమ్మను చేసింది కూడా ఆ పసుపుతోనే.

తొమ్మిది నెలలు మోసి, ఉడకబెట్టి, ఎండబెట్టి తూకం వేశాక, ఆ కిలో రెండొందలు చేతిలో పట్టుకున్నప్పుడు రైతు గుర్తొస్తాడు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ పడ్డారు, వాళ్లలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. పసుపు బోర్డు కావాలని, గిట్టుబాటు ధర కావాలని నామినేషన్లు వేశారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. క్వింటా ధర పడిపోయిందని వార్త వచ్చినప్పుడల్లా ఆ తొమ్మిది నెలల పనీ నా కళ్లముందు ఆడుతుంది.

ఉడకబెట్టకుండా ముక్కలు కోసి ఎండబెట్టుకోకూడదా?

కోసి ఎండబెట్టినా పొడి అవుతుంది, కొంతమంది అలాగే చేస్తారు. నేను మాత్రం ఉడకబెట్టమనే చెబుతాను. పచ్చి దుంపలో రంగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఉడికినప్పుడు లోపలి గంజి ముద్దగా మారి రంగు దుంపంతా సమంగా పాకుతుంది. పచ్చివాసన పోతుంది. దుంపలో ప్రాణం ఆగిపోతుంది కాబట్టి డబ్బాలో మొలకెత్తదు. త్వరగా ఎండుతుంది. పచ్చిగా ఎండబెట్టిన పొడిని పప్పులో వేస్తే ఒక మట్టి వాసన, కాస్త చేదు తగులుతాయి. ఇంటి పసుపు బాగాలేదని మానేసిన వాళ్లను కదిపి చూస్తే చాలామంది ఈ మెట్టు వదిలేసినవాళ్లే.

మరి ఉడకబెట్టడం ఎలా?

తవ్విన రెండు మూడు రోజుల్లో చేయాలి. దుంపల్ని బ్రష్షుతో రుద్ది కడిగి, వేర్లు తీసి, తల్లి దుంపల్నీ కొమ్ముల్నీ వేరు చేయండి. లావు తేడా వల్ల అవి వేర్వేరు వేళల్లో ఉడుకుతాయి. రంగంటినా ఫరవాలేదనుకున్న పాత గిన్నె తీసుకుని, దుంపలు మునిగేదాకా నీళ్లు పోసి, మూతపెట్టి మధ్యస్థం మంట మీద పెట్టండి. సోడా, సున్నం ఏమీ కలపవద్దు.

మా నాయన చేను దగ్గర నేలలో కందకం తవ్వి, దానిమీద పెద్ద ఇనుప కడాయి పెట్టి ఉడకబెట్టేవాడు. ఎండిన పసుపాకే వంటచెరకు. ఎంతసేపు అని గడియారం చూసేవాడు కాదు. ముందు నురుగు పైకి లేస్తుంది. తర్వాత తెల్లటి ఆవిరితో పాటు వాసన మారుతుంది, పచ్చి ఘాటు పోయి కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు ఒక కొమ్ము తీసి చీపురుపుల్ల గుచ్చేవాడు. పుల్ల అడ్డు లేకుండా దిగాలి. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా తగలాలి, చిదిమిపోకూడదు. ఇంటి పొయ్యి మీద కొమ్ములకు నలభై ఐదు నిమిషాల నుంచి గంట పడుతుంది, తల్లి దుంపలకు ఇంకాస్త ఎక్కువ. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే ఎండాక పెళుసుగా విరిగిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లు ముప్పై నిమిషాల నుంచే పుల్ల గుచ్చి చూసుకోండి.

ఎండబెట్టడం, పొడి కొట్టడం?

నీళ్లు వంపేసి, శుభ్రమైన బట్ట మీద ఒకదానికొకటి తగలకుండా పరచండి. కొమ్ముల్ని నిలువుగా చీల్చితే వారంలో ఎండిపోతాయి, మొత్తంగా వదిలితే పది నుంచి పదిహేను రోజులు. రాత్రి మంచు పడకుండా లోపలికి తెచ్చేయాలి. రెండు కొమ్ముల్ని ఒకదానికొకటి తాకిస్తే రాళ్లలా టకటకలాడాలి, విరిస్తే పెళ్లున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే, అలాగే పొడి కొడితే బూజు పడుతుంది. ఎండాక గోనెసంచిలో వేసి, మూతి కట్టి, గట్టి నేలమీద కాసేపు దొర్లించండి. పైతొక్క, వేర్ల ముక్కలు రాలి నున్నబడతాయి.

ఎండు కొమ్ము గట్టిది, మిక్సీ బ్లేడు విరిచేస్తుంది. ముందు రోట్లో కచ్చాపచ్చాగా దంచి తర్వాత మిక్సీ పట్టాలి. రెండు కిలోలు దాటితే గిర్నీకి (పిండిమరకు) ఇవ్వడమే మేలు. అంతకుముందు కారం పట్టారేమో అడగండి, లేకపోతే గడపకు రాసే పసుపు వేళ్లను మండిస్తుంది. పొడిని గాజుసీసాలో పోసి చీకటి అలమరలో పెట్టుకోండి. చీర మీద పడ్డ పసుపు మరక ఎండలో వేస్తే పోతుందని మనకు తెలుసు. వెలుతురు తగిలితే సీసాలో పసుపూ అలాగే వెలిసిపోతుంది.

మా ఇంటి పసుపు కొట్టు పసుపంత మెరవడం లేదెందుకు?

అంత మెరవకూడదు. ఇంటి పసుపు కాస్త ముదురుగా, నారింజ వైపు ఉంటుంది. కళ్లు జిగేలుమనే పసుపుపచ్చ కోసం కొందరు మెటానిల్ ఎల్లో అనే అద్దకపు రంగును, ఇంకా ఘోరంగా సీసం ఉండే లెడ్ క్రోమేట్‌ను కలుపుతారు. బంగ్లాదేశ్‌లో జనం రక్తంలో సీసం పెరగడానికి ఈ కల్తీ పసుపు ఒక కారణమని 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చంటిపిల్లలున్న ఇంట్లో నాలుగు బ్యాగుల పసుపైనా వేయమని నేను అందరినీ బతిమాలేది ఇందుకే. కొన్న పసుపు మీద అనుమానముంటే గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేసి కదపకుండా వదలండి. మంచిది అడుక్కి దిగి నీళ్లకు లేత రంగే ఇస్తుంది. రంగు కలిపింది దిగుతూనే నీళ్లను చిక్కటి పసుపు చేస్తుంది. సీసం కలిసిందీ లేనిదీ మాత్రం ప్రయోగశాలలోనే తేలుతుంది.

పచ్చి పసుపు రోజూ తినవచ్చా?

వంటలో వేసుకునేంతయితే బెంగ లేదు. చిన్న ముక్క తురిమి పాలల్లో మరిగించుకోవచ్చు, మిరియాల పొడి చిటికెడు వేస్తే పసుపులోని సారం ఒంటికి బాగా పడుతుంది. నిమ్మరసం, ఉప్పుతో అల్లంలా ఊరబెట్టుకున్నా బాగుంటుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టరుని అడగకుండా రోజూ ముద్దలు ముద్దలుగా తినవద్దు. తుడిచి, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు వారాలు నిలుస్తుంది.

కస్తూరి పసుపు, మామిడల్లం, నల్ల పసుపు కూడా ఇలాగే పెంచాలా?

పెంపకం ఒక్కటే, వాడకం వేరు. కస్తూరి పసుపు ఒంటికి రాసుకునేది, కూరలో వేయరు. మామిడల్లం పచ్చడికి, ఊరగాయకు. దానికి ఉడకబెట్టడాలు లేవు. నల్ల పసుపును అదృష్టం, లంకెబిందెలు అంటూ వేలకు వేలు చెప్పి అమ్ముతున్నారు. కోస్తే లోపల నీలంరంగు ఉండే ఒక మామూలు దుంప అది, ఆ మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ వస్తుందా?

వస్తుంది, కాలం మార్చుకోవాలి. మంచు పడితే ఆకు చచ్చిపోతుంది కాబట్టి తొమ్మిది నెలల వెచ్చదనం ఎక్కడ దొరుకుతుందో లెక్క చూసుకోండి. ఫ్లోరిడా, హ్యూస్టన్ వైపు వాళ్లకు మన పద్ధతే సరిపోతుంది. న్యూజెర్సీ, చికాగో వాళ్లు ఇండియన్ స్టోర్‌లో పచ్చి పసుపు కొని ఫిబ్రవరిలోనే ఇంట్లో వెచ్చటి మూల మొలక పెట్టాలి. రాత్రి చలి తగ్గాక, మే చివర్లో బయటికి తీసి, అక్టోబరులో మళ్లీ లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టి ఆకు ఎండేదాకా ఆగాలి. తొలిసారి దుంపలు చిన్నవిగానే వస్తాయి.

వచ్చే ఏడాదికి విత్తనం ఎలా దాచుకోవాలి?

తవ్విన రోజే తీసి పెట్టండి, ఉడకబెట్టే గిన్నె దగ్గరికి వెళ్లాక ఏదీ మిగలదు. తెగులు లేని మొక్క నుంచి, దెబ్బ తగలని లావాటి కొమ్ములు, తల్లి దుంపలు ఏరండి. కడగవద్దు, మట్టి దులిపి రెండు రోజులు నీడలో ఆరబెట్టండి. మట్టికుండలో ఒక వరుస పొడి ఇసుక, ఒక వరుస దుంపలు, మళ్లీ ఇసుక వేసి, పైన గుప్పెడు వేపాకు పెట్టి, మూతి గుడ్డతో కట్టి చల్లటి మూల ఉంచండి. నెలకోసారి విప్పి మెత్తబడినవాటిని తీసేయాలి. మే మూడో వారానికి ఇసుకలోంచి తెల్లటి మొనలు తొంగి చూస్తాయి, అప్పటికి బ్యాగుల్లో మట్టి కలిపి సిద్ధంగా ఉంచుకోండి.